మా ఇంటి మౌనవ్రతం

నేను ఇంట్లో గొంతెత్తితే వీధి చివరివాళ్లు కూడా తిరిగి చూస్తారు. అందుకే అందరూ నన్ను మైకు టైలరమ్మ అంటారు. అలాంటి నేను మా అక్క కూతురి కోసం మౌనవ్రతం పట్టాను. పాపం, ఆ పిల్ల అడగనే లేదు. నేనే అతి తెలివికి పోయాను.

పందొమ్మిదేళ్ల పిల్ల. ఆటిజం ఉంది. వాళ్ల నాన్నది చెయ్యి చేసుకునే బుద్ధి. అక్క పోయాక ఆ దెబ్బలు ఒక్కతే తింది, భయం తెలియకుండా ఉండటానికి నిద్రమాత్రలు అలవాటు చేసుకుంది. వాటిని మాన్పించే ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికి తెచ్చుకున్నాను. "పెద్ద శబ్దాలు పడకపోవచ్చు. ఏం కావాలో తననే అడగండి," అంది కౌన్సెలర్. మొదటి మాట చెవికెక్కింది, రెండోది ఎక్కలేదు.

ఇంక చూడండి. మిక్సీ అటకెక్కింది. టీవీలో బొమ్మలే తప్ప మాటల్లేవు. పిల్ల ఇంట్లో ఉంటే కుట్టుమిషన్ ముట్టేదాన్ని కాదు. మా ఆయన తుమ్మొస్తే వీధిలోకి పరిగెత్తి తుమ్మి వచ్చేవాడు. మేం పోట్లాడుకోవాలన్నా సైగలే. సైగలతో మొగుణ్ణి తిట్టడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

పిల్ల మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది. నిద్ర లేదు. గోడకి ఆనుకుని తలుపు వైపే చూసేది. ఒక ఉదయం చూద్దును కదా, సంచి సర్దుకుంటోంది. ఇప్పుడు గడప దాటితే మళ్లీ మాత్రల దగ్గరికే వెళ్తుందని గబగబా దగ్గరికి వెళ్లాను.

"ఎక్కడికే?" అన్నాను గుసగుసగా.

"ఇక్కడ ఉండలేను పిన్నీ. ఎప్పుడు కొడతారో తెలియట్లేదు."

"కొట్టడమేంటే? ఎవరు?"

"నాన్న కొట్టే ముందు ఇల్లు ఇలాగే ఉండేది. చప్పుడే ఉండేది కాదు. మీరూ మెల్లగా నడుస్తారు, సైగలు చేసుకుంటారు, నన్ను చూసి నవ్వుతారు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. ఎదురుగా మా ఆయనే దొరికాడు.

"నిన్నెవరయ్యా పిల్లిలా నడవమంది?"

"నువ్వే!"

అంతే, ఇన్నాళ్లూ దాచుకున్న తిట్లన్నీ బయటికొచ్చాయి. మాడిన గిన్నె, పోయిన కత్తెర, వాళ్ల చెల్లెలి పెళ్లిలో నాకు జరిగిన అవమానం, ఏదీ వదల్లేదు. పిల్ల సంచి కింద పెట్టి శ్రద్ధగా వింది.

"ఇప్పుడు మీకు కోపం దేనికో తెలుస్తోంది. నా మీద కాదు," అంది.

మంచమెక్కి మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. ఆపితే లేస్తుందేమోనని మేం పోట్లాట ఆపలేదు. చివరికి తిట్లు అయిపోయి, ఆయన కరెంటు బిల్లు పైకి చదివాడు.

ఆ తర్వాత అడగడం నేర్చుకున్నాను. మిషన్ రొద ఇష్టమట. మిక్సీ పడదట, తిప్పే ముందు చెబితే బయటికెళ్తుందట. ఇప్పుడు నా దగ్గరే గుండీలు కుడుతోంది. నాకంటే నీటుగా కుడుతుంది, ఆ మాట పైకి అనను.

నిన్న నేను మిషన్ తొక్కుతుంటే, అవతలి బల్ల నుంచి మామూలుగా అంది.

"పిన్నీ, ఇవాళ మాత్రలు వేసుకోవాలనిపిస్తోంది."

నా కాళ్లు ఆగబోయాయి. ఆగనివ్వలేదు. తొక్కుతూనే కేకేశాను.

"చెప్పావు కదా, ఇంక ఇద్దరం చూసుకుందాం! కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చో!"

నేలంతా గీరుకుపోయేలా, బరబరా కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది.