ఓడ టైమ్

కెనడాలో మా న్యూఫౌండ్‌లాండ్ గడియారాలు పక్క రాష్ట్రాలకంటే అరగంట ముందుంటాయి. అందుకని టైమ్ సంగతి మాకెవరూ నేర్పక్కర్లేదని నా పొగరు. అది స్పెయిన్‌లోని సెవిల్‌లో దిగిపోయింది.

నిన్న పోర్చుగల్‌లోని లిస్బన్‌లో బయల్దేరిన ఓడ పొద్దున్నే స్పెయిన్‌లోని కాదిజ్ రేవులో ఆగింది. దిగి సెవిల్ బస్సెక్కాం. చేపల ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్లు చేపలు కోశాను నేను. నా బల్లకెదురుగా గోడమీద ఓ పాత క్యాలెండర్, అందులో సెవిల్ పెద్ద చర్చి గంటల గోపురం. మంచులో చేతులు కొంకర్లు పోతుంటే దాన్నే చూసేదాన్ని. వచ్చే నెల నా మోకాలికి ఆపరేషన్. ఆ గోపురం ఎక్కితే ఇవాళే ఎక్కాలి. అదృష్టం కొద్దీ లోపల చివర్న కొన్ని తప్ప మెట్లుండవు, మలుపులు తిరుగుతూ వాలుదారి. మొత్తం ముప్ఫై అయిదు మలుపులు.

బస్సు దిగుతూనే గైడు రెమెడియోస్, "ఓడ టైమ్ నాలుగింటికల్లా అందరూ ఇక్కడుండాలి" అంది. నాకు నాలుగు అన్న మాటే చెవిన పడింది. మనసప్పటికే గోపురం మీదుంది.

"పదవయ్యా హెడ్లీ, కాళ్లకి మేకులు కొట్టారా?"

"మోకాలు నొప్పి నీకా నాకా?" అంటూ మా ఆయన వాచీ చూసుకున్నాడు. కీ ఇచ్చుకునే ఆ పాత వాచీని ఓడెక్కినప్పటి నుంచీ వెక్కిరిస్తూనే ఉన్నాను.

మలుపు మలుపుకీ గోడమీద అంకె. పది. పదిహేను. కిటికీల్లోంచి నారింజ చెట్లు, ఇళ్ల కప్పులు కిందికి పోతున్నాయి. మోకాలు భగ్గుమంటోంది, అయినా నవ్వాగడం లేదు. "ఇటు చూడవయ్యా, ఎంత బాగుందో!" అంటే ఆయన వాచీలోంచి తలెత్తడే!

"ఆ వాచీనే పెళ్లి చేసుకోకపోయావా?" అని దెప్పాను.

ఇరవై రెండో మలుపులో ఫోటో తీద్దామని ఫోన్ తీశాను. నాలుగూ పది!

"కొంప మునిగింది! బస్సు వెళ్లిపోయుంటుంది!" గోడకి చేరగిలబడ్డాను. ఇంకా పదమూడు మలుపులు. ఏడుపొచ్చేసింది. "దిగుదాం పద. నా రాత ఇంతే."

"ఉండవే తల్లీ." మా ఆయన మణికట్టు నా ముక్కు కింద పెట్టాడు. మూడూ పది. "నీ ఫోన్ రేవులో దిగగానే గంట ముందుండే స్పెయిన్ టైమ్‌కి మారిపోయింది. ఓడ మాత్రం లిస్బన్ టైమ్‌లోనే ఉంది. రెమెడియోస్ చెప్పింది ఓడ టైమే. ఇంకా యాభై నిమిషాలుంది, ఎక్కు!"

ఎక్కానండీ! ముప్ఫై అయిదూ ఎక్కాను! పైన గాలి, ఎండ, ఊరంతా కాళ్ల కింద. పిచ్చిదానిలా కేకలు పెట్టాను. "హెడ్లీ, ఇటు రా! నది చూడు!"

వెనక్కి తిరిగాను. మా ఆయన గోడని కరుచుకుని, కళ్లు వాచీకి అతికించుకుని నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, మా ఇంట్లో బల్బు మార్చాలన్నా నిచ్చెనెక్కేది నేనే. కిటికీల వంక చూడలేకే ఈ మనిషి దారంతా వాచీ చూస్తూ వచ్చాడు.

"ఎత్తంటే చచ్చేంత భయం కదయ్యా, ఎందుకొచ్చావు?"

"నీ మోకాలు మధ్యలో మొండికేస్తే మోసేదెవరు?"

వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చెమటతో చల్లగా ఉంది. "టైమెంతయింది?" అన్నాను, ఈసారి వెక్కిరింపు లేకుండా.

"మూడూ ఇరవై అయిదు," అన్నాడు తలెత్తకుండానే. "చూసుకో నీ నది. తొందరేం లేదు."