శ్రీనిధి అడిగిన కమిటీ

అన్నం డబ్బాలు తోముతుంటే హాల్లోంచి మా ఆయన రామచందర్ గొంతు వినిపించింది. "గా కమిటీ ఎవలన్న తీస్కుంటరా? భద్రతా మండలి తీస్కో బిడ్డా. యుద్ధాల మీద మాట్లాడితే పేరొస్తది."

మా శ్రీనిధి పదో తరగతి. హైదరాబాద్‌లో పిల్లలు ఒక్కో దేశం తరఫున కూర్చుని, ఐక్యరాజ్యసమితిలోలాగే వాదించుకునే సదస్సుకు బడి నుంచి ఎంపికైంది. ఏ కమిటీలో కూర్చుంటారో పిల్లలే చెప్పాలట. శ్రీనిధి మహిళల కమిటీ కోరుకుంది. ఈసారి అక్కడ చర్చ ఇంటిపని గురించి.

"అండ్ల మాట్లాడనీకి ఏమున్నది? గిన్నెలు, పొయ్యి. గంతదానికైతే మీ అమ్మను తోలుదాం" అన్నాడాయన. మా అత్త కౌసల్యమ్మ పకపకా నవ్వింది. చేతులకు నురగతోనే గుమ్మంలోకి వచ్చి నేనూ నవ్వాను. శ్రీనిధి నవ్వలేదు. నా వెనకే వంటింట్లోకి వచ్చింది.

"ఎందుకు నవ్వినవమ్మా?"

"మీ బాపు ఊకెనే అన్నడు తియ్యి."

"నువ్వు గట్ల నవ్వినప్పుడల్ల నాకు భయమైతది. పెద్దగైనంక నేను గూడ గట్లనే నవ్వుతనేమో అని."

నా చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి. రాజనీతి శాస్త్రంలో ఎంఏ చేసి కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, "కోడలు పొద్దుగాల్నే కాలేజీకి పోతే మాకు చాయ్ ఎవలు పెట్టాలె?" అని అత్తమ్మ చుట్టాల ముందు అంటే నవ్వాను. ఉద్యోగం మానేసిన రోజు "ఇగ ఇంట్ల హాయిగ కూసో" అని ఆయన అంటే నవ్వాను. మా బట్టల దుకాణంలో ఒకావిడ "మీ మేడమ్ ఏం చేస్తరు?" అని అడిగితే, నేను అక్కడే చీరలు మడతపెడుతుండగానే "ఏం చెయ్యది" అన్నాడు. అప్పుడూ నవ్వాను. గొడవెందుకులే అనుకున్నాను. ఎవరూ పట్టించుకోరనుకున్నాను. నా బిడ్డ చూస్తూనే పెరిగింది.

మర్నాడు పొద్దున ఆయన తేల్చేశాడు. "భద్రతా మండలి అయితెనే పో. లేకుంటే పోవుడే వద్దు."

శ్రీనిధి నా వైపు చూసింది. నేను పెనం మీది దోసె వైపు చూశాను. పిల్ల "సరే బాపు, గదే తీస్కుంట" అని నవ్వింది. అచ్చం నా నవ్వు.

ఆ తర్వాత నా చేత ఏ పనీ కాలేదు. మధ్యాహ్నం వాళ్ల టీచర్ మైత్రికి ఫోన్ చేశాను. "శ్రీనిధి ముందుగాల అడిగిన కమిటీనే ఇయ్యుండ్రి మేడమ్."

"సార్ ఒప్పుకున్నరా?"

"నేను ఒప్పుకున్న."

"గా జాగ వేరే పిల్లకు ఇచ్చేసినం మేడమ్. శ్రీనిధే పొద్దుగాల వచ్చి వద్దన్నది. ఏడ్సుకుంట చెప్పింది."

బడి నుంచి రాగానే పిల్లకు ఫోన్ సంగతి చెప్పాను. సంచీ కూడా దించకుండా నిలబడిపోయింది.

"పొద్దుగాల బాపు ముంగట ఎందుకు అనలేదమ్మా?"

దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగింది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నేను చాలాసేపు ఆ తలుపు ముందే నిలబడ్డాను. లోపల వెక్కిళ్లు ఆగడం లేదు.

రామచందర్ దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే చాయ్ అడిగాడు. నేను హాల్లోకి వెళ్లి, ఆయన అప్పుడే పెట్టిన టీవీ ఆపి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తలుపు వెనకున్న నా బిడ్డకు వినపడేంత గట్టిగా, "మీతోని మాట్లాడాలె" అన్నాను.