బోర్డు మీద మల్లేశం

మా దోమల బ్యాటు ఎనిమిది గంటలు ఛార్జింగు తాగి నాలుగు దోమలను చంపుతుంది. అయిదో దోమకు నేనే చప్పట్లు కొట్టాలి. అవి తనకే అనుకుని అది సంతోషంగా వెళ్లిపోతుంది.

ఇన్ని దోమలున్నా ఢిల్లీ మయూర్ విహార్‌లోని మా సొసైటీలో డెంగీ ఎవరికీ రాదు. అందరికీ ‘వైరల్’ వస్తుంది. డెంగీ అంటే కూలర్ కడగలేదని అర్థం. వైరల్ అంటే ఆఫీసులో పని ఎక్కువైందని అర్థం. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నా సరే, వైరలే.

నేను కేంద్ర ప్రభుత్వంలో గణాంకాల ఉద్యోగిని. లెక్క తప్పితే నాకు అన్నం అరగదు. అందుకని గేటు దగ్గరి నోటీసు బోర్డు మీద, బయటపడ్డ డెంగీ లెక్క పేర్లు లేకుండా రోజూ రాస్తున్నాను. ‘కేసులు 3, మరణాలు 0.’

పోయిన వారం మాకు ఇస్త్రీ చేసే మల్లేశం చనిపోయాడు. ఆసుపత్రి కాగితంలో డెంగీ అనే ఉంది. అతని భార్య లచ్చవ్వ, ఇద్దరు పిల్లలు ఇంకా గేటు వెనక గదిలోనే ఉన్నారు. పక్కనే మూత లేని నీళ్ల ట్యాంకు. మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే, సొసైటీ బోర్డు మీద మరణం రాసి ఉంటే ఈ సోమవారం కాక ఆపై సోమవారం వచ్చి ట్యాంకు సంగతి చూస్తామన్నారు.

‘మరణాలు 1’ అని రాశాను. సెక్రటరీ సదాశివరావు గారు తుడిచేశారు.

“మల్లేశం మన మెంబరా అండీ?”

“కాదండీ. దోమ మెంబరే కదా.”

“జోకులొద్దు. పోయింది ఆసుపత్రిలో. వాళ్ల లెక్కలో రాసుకుంటారు. రేపు మా ఫ్లాటు చూడ్డానికి పార్టీ వస్తోంది.”

“ఫుల్ చేతుల చొక్కా వేసుకుని రమ్మనండి.”

మళ్లీ రాశాను. మళ్లీ తుడిచారు. లచ్చవ్వ చూస్తూ నిలబడింది.

“సారూ, ఇరవై ఏండ్లు గీళ్ల అంగీలకు ఇస్త్రీ జేసిండు. సచ్చినంక గా ఒక్కటి రాయనీకి గింత కష్టమా?”

నాలుగు రోజులు రాశాను. అయిదో రోజు మా ఆవిడ ఇంద్రాణికి జ్వరం. రిపోర్టులో డెంగీ.

“కింద వైరల్ అని చెప్పండి. కిట్టీ పార్టీలో తలెత్తుకోలేను.”

“రాసేస్తాను.”

“ప్లేట్‌లెట్లు అరవై వేలండీ! జాలి లేదా?”

“ఉంది. అందుకే అందంగా రాస్తాను.”

ఫ్లాటు నంబరుతో సహా రాశాను, పక్కనే మళ్లీ ‘మరణాలు 1’. సాయంత్రానికి పక్కింటావిడ వచ్చింది. “అరే, భాభీకి కూడానా? అయితే మాదీ రాయండి భాయీసాబ్.” తోడు దొరికితే జబ్బుకు కూడా పరువు వస్తుంది. రెండు రోజుల్లో పద్నాలుగు కేసులు తేలాయి.

సదాశివరావు గారు ఇంటికే వచ్చారు. “ఠీక్ హై, పద్నాలుగూ ఉంచండి. ఆ ఒక్కటి తీసేయండి.”

మంచం మీద నుంచి ఇంద్రాణి లేచింది. “అన్నయ్యగారూ, కావాలంటే నన్ను తీసేయండి. మల్లేశం జోలికి రాకండి.”

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మేమిద్దరం ఒక మాట మీద నిలబడటం ఇదే మొదలు. ఆ ఉత్సాహంలో బోర్డు అద్దం తలుపుకు కొత్త తాళం వేసేశాను.

ఇవాళ శనివారం. రేపు సొసైటీ మీటింగు. నా దగ్గరున్న తాళంచెవి స్వాధీనం చేసుకోవాలని తీర్మానమట, ఇల్లు కూడా వెతుకుతారట. నేనైతే ఇవ్వను. కానీ ఎక్కడ దాచను? బియ్యం డబ్బాలో అందరూ వెతుకుతారు. దేవుడి గూట్లో పెడితే సదాశివరావు గారు ముందు దండం పెట్టుకుని మరీ తీసుకుంటారు. బాబ్బాబు, మీ ఇళ్లలో మీకే దొరకని చోటు ఏదైనా ఉంటే చెప్పండి. సోమవారం దాకా చాలు.