నీటిశాతం తీసేశాక

ఐదుగురు కాంట్రాక్టు అనలిస్టుల్లో ఇద్దరిని పర్మనెంటు చేస్తామని, ఉత్తరాలు సాయంత్రం ఐదింటికి ఇస్తామని సెక్షన్ హెడ్ పొద్దున్నే చెప్పి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మిగతా ముగ్గురి సంగతి చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

ఆ ఐదుగురిలో ఒకామెను అందరూ తక్కెడ అని పిలుస్తారు. ఏ పొడినైనా ఒకసారి తూచి ఊరుకోదు, రెండోసారి తూస్తుంది. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. లిఫ్టులు బాగుచేసే తండ్రి కనపడ్డవాళ్ళకల్లా "మా అమ్మాయి మందులు తయారుచేస్తుంది" అని చెప్పుకుంటాడు. "తయారుచెయ్యను నాన్నా, సరిగ్గా ఉన్నాయో లేవో చూస్తాను" అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా, "రెండూ ఒకటేలే" అంటాడు.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆమె పక్కన బ్యూరెట్ కూర్చున్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడని అతనికి ఆ గాజుగొట్టం పేరు పెట్టారు. ఆమెకంటే పదేళ్ళు పెద్ద. అతనిదీ కాంట్రాక్టే, ఇప్పటికి నాలుగుసార్లు పొడిగించారు.

"రాకపోతే ఏం చేస్తావు తక్కెడా?"

"మా బావ మందుల కంపెనీ బ్యాగు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరగమంటున్నాడు."

"నువ్వా? మాత్ర మంచిదని చెప్పడానికి రెండుసార్లు తూచేదాకా నోరు విప్పవు. ఈలోగా డాక్టరు ఇంటికెళ్ళి పడుకుంటాడు."

ఆమెకు నవ్వొచ్చింది. "నీ సంగతి చెప్పన్నా."

"పేటెంటు కాగితాలు రాసే ఆఫీసుకు అప్లికేషన్ పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. ట్యూషన్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పమంటున్నారు. ఇంట్లో ఇద్దరికే ఎక్కాలు నేర్పలేకపోయావు, బయటివాళ్ళనేం ఉద్ధరిస్తావని మా ఆవిడ." టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ గొంతు తగ్గించాడు. "ఇది రావాలి తక్కెడా. నలభై దగ్గరపడుతున్నాయి. మళ్ళీ మొదటినుంచి మొదలెట్టే ఓపిక లేదు."

ఒంటిగంటన్నరకు ఆమె కొత్త బ్యాచ్ పరీక్ష మొదలుపెట్టింది. గుండెజబ్బు మాత్రలవి. ముందుగా స్టాండర్డు సీసా తీసింది. మందు ఎంత ఉందో కొలవడానికి ప్రమాణంగా పెట్టుకునే శుద్ధమైన పొడి అది. సీసా నంబరు పుస్తకంలో ఎక్కిస్తుంటే, దాని కింద చీమల బారులా ఉన్న చిన్న అక్షరాల మీద చూపు ఆగింది. నీటిశాతం తీసివేసి లెక్కించవలెను.

పాత సీసాకు ఆ గొడవ లేదు, ఉన్నదున్నట్టు లెక్కేసేవాళ్ళు. కొత్త సీసా పోయిన వారమే తెరిచారు. పాత లెక్కల కాగితాన్నే ముందు పెట్టుకుని, రెండు సీసాల మీదా శుద్ధత అంకె ఒకటే కదా అని, అదే దారిలో లెక్క కట్టేసింది తనే. రెండుసార్లు తూచింది గాని, లేబులు ఒక్కసారైనా పూర్తిగా చదవలేదు. అలా మూడు బ్యాచ్‌లు పాసైపోయాయి.

ఆమె పొడిలో నీళ్ళెంత ఉన్నాయో కొలిచే యంత్రం దగ్గరికి వెళ్ళి చిటికెడు వేసింది. మూడు పాయింట్ ఎనిమిది శాతం. మళ్ళీ వేసింది. అంతే. కాగితం మీద లెక్క సరిచేసింది. మందు తొంభై ఆరు పాయింట్ రెండు శాతం అని రాసిన బ్యాచ్ తొంభై రెండున్నరకు దిగింది. మిగతా రెండూ అంతే. తొంభై ఐదుకు తగ్గితే ఫెయిలు. ఆ పెట్టెలు నాలుగింటికి లారీలో బయలుదేరతాయి.

అప్పటి కాగితం తీసి చూసింది. పరీక్షించినవారు అన్నచోట తన సంతకం. సరిచూసినవారు అన్నచోట బ్యూరెట్ సంతకం.

అతను సింకు దగ్గర గాజు సామాను కడుగుతున్నాడు. ఆమె కాగితం చూపించింది. చదివి కుళాయి కట్టేశాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

"నీకే."

"నాతోనే ఆపెయ్. ఈ సీసా పదిరోజుల్లో అయిపోతుంది. తర్వాత ఎవరూ తవ్వరు."

"ఎలా ఆపుతానన్నా?"

"రెండున్నర తక్కువ. దానికే ఎవరి గుండే ఆగిపోదు."

"ఎంత తక్కువైతే ఆగుతుందో చెప్పే పని మనది కాదు కదా."

"అందులో నా సంతకం కూడా ఉంది, చూశావా?" "నీకేం, ఒంటి ప్రాణానివి. వెళ్ళి చెప్పుకో. నేనేం చేశాను? అంకెలు చూడమన్నారు, అంకెలు చూశాను."

ఆమె తలెత్తి చూసింది. గోడ గడియారంలో మూడుంపావు అయింది. ఉత్తరం వచ్చాక చెబితే? పర్మనెంటయితే తీసెయ్యడం అంత తేలిక కాదు. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది. పైగా లారీ ఐదింటిదాకా ఆగదు. కాగితాలు పట్టుకుని తలుపు తట్టింది.

సెక్షన్ హెడ్ కాగితాలను రెండుసార్లు చదివాడు.

"ఎవరు పట్టుకున్నారు?"

"నేనే సార్. తప్పు చేసిందీ నేనే."

ఆయన గోడౌనుకు ఫోన్ చేసి, "ఆ మూడు బ్యాచ్‌లూ ఆపండి. ఎక్కించినవి దింపండి" అన్నాడు. తర్వాత రెండో సంతకం మీద వేలు పెట్టాడు. "ఇతనికి తెలుసా?"

"మొదటి లెక్క అతనికి నేనే ఇచ్చాను సార్. నేనిచ్చిన అంకెలు సరిగ్గానే చూశాడు. లేబులు నేను చదవాల్సింది."

"అతనూ చదవాల్సిందే" అన్నాడాయన, కాగితం పక్కన పెడుతూ.

ఐదింటికి ఉత్తరాలు వేరే ఇద్దరికి వచ్చాయి. తక్కెడకూ బ్యూరెట్‌కూ విచారణ పూర్తయ్యేదాకా రెండు వారాలు పొడిగింపు, ఆపైన లేదు. బ్యూరెట్ ఆమె వంక చూడకుండానే కోటు విప్పి వెళ్ళిపోయాడు.

బస్సులో ఉండగా తండ్రి ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పింది.

"లిఫ్టులో జనం ఎక్కాక తెలిసినట్టా, ఎక్కకముందా?"

"ఎక్కకముందే నాన్నా."

"సరే. ఇంటికి రా, తిందాం." ఉద్యోగం మాట ఆయన ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకు ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు విచారణ కోసం మూడు బ్యాచ్‌లూ మళ్ళీ పరీక్షించమన్నారు. చేసేది ఆమె, చూసేది బ్యూరెట్. త్రాసు దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆమె సీసా చేతిలోకి తీసుకుంది.

"లేబులు చదువు" అన్నాడు.

ఆమె పైనుంచి కిందిదాకా చదివింది. అతను ఒక్కో మాటకూ టిక్కు పెట్టాడు. సాయంత్రానికి మొదటి బ్యాచ్ అంకె వచ్చింది. తొంభై రెండున్నర. అతను లెక్క మొత్తం విడిగా మళ్ళీ కట్టుకుని, సంతకం చేశాడు.

"అన్నా" అందామె.

"ఇంకా రెండున్నాయి" అన్నాడు బ్యూరెట్. "తూచు."