ఐదో మాట

“మరి అంబలి ఎవరు కాస్తరు అయ్యగారూ?” అన్నాడు మా ఆయన. కమిటీలో ఉన్నవాళ్లంతా నవ్వారు. టీ కప్పుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నేనూ నవ్వాను. మా ఇంట్లో కమిటీ కూర్చుంటే టీతో పాటు నవ్వు కూడా నేనే అందించాలి.

జడ్చర్ల అవతల మా ఊళ్లో ఉన్నది చిన్న మెథడిస్టు చర్చి. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన ఉంటుంది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. పాస్టరుగారికి ఒకటి పోగా మిగతావి సంఘంలో పెద్దవాళ్లవి. పెద్దవాళ్లంటే మగవాళ్లని వేరే చెప్పనక్కర్లేదు. ఈ ఏడాది కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు, పాపం తెలియక, ఒక మాట స్త్రీల సమాజానికి ఇద్దామన్నారు. లే లీడరు, అంటే సంఘం తరఫున పెద్ద అయిన మా ఆయన, బెంజమిన్ సారు, దానికిచ్చిన జవాబే అది. అయ్యగారు కూడా నవ్వి టీ తాగారు. ఆ ఊసు అంతటితో సరి.

ఆ రోజు అందరూ ఉపవాసముంటారు గనుక ఆరాధన కాగానే జొన్న అంబలి పోస్తాం. నాలుగో మాట ముగిసి పాట ఎత్తుకోగానే స్త్రీల సమాజం వాళ్లం లేచి, తెల్లచీర కొంగులు నడుముకు దోపుకుని, వెనక రేకుల షెడ్డులోకి పోతాం. పొయ్యి ముట్టించాలి, నానిన పిండి కలపాలి, ఉల్లిగడ్డలు కొయ్యాలి, మజ్జిగ చిలకాలి. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు, నేను కోడలిగా వచ్చేసరికే ఉంది. అంచేత యేసు నాలుగో మాట దాకానే నాకు తెలుసు. దేవుడు తన చెయ్యి విడిచిపెట్టాడని ఆయన కేక వేసేదాకా వింటాను. ఆ తరువాత పొగ, కంటినీళ్లు. లోపలి మైకు చప్పుడు పొయ్యి దాకా వస్తుంది గానీ మాట తెలియదు.

నన్ను చర్చికి స్తంభం అంటారు. ఆ మాట అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు, స్తంభం కూర్చోదు కదా. శనివారం చర్చి ఊడ్చి, జంపఖానాలు దులిపి, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు గిన్నెలు తోమి, బల్ల మీది తెల్లగుడ్డ ఇస్త్రీ చేసేది నేను. ఎవరైనా దవాఖానలో పడితే సద్ది కట్టుకుని పోయేది నేను. నేను పనిచేసే అంగన్‌వాడీలో ఆయా రాని రోజు పిల్లలకు వండి, ఇంటికొచ్చి వండి, గుడ్ ఫ్రైడే ముందు నలభై రోజుల శ్రమకాలంలో గృహ ప్రార్థన మా ఇంట్లో ఉంటే ముప్పై మందికి శనగ గుడాలు ఉడకబెడతాను. లే లీడరు ఇల్లంటే ఆమాత్రం ఉంటుందని మా అత్త బతికి ఉన్నప్పుడు అంటుండేది. సేవంటే దేవుడు చూస్తాడు, మనుషులకు చెప్పుకోవద్దని కూడా అనేది. మరి మా ఆయన సేవను మైకులో ఎందుకు చెబుతారని ఒకసారి అడిగాను. ఆ రోజంతా అత్త నాతో మాట్లాడలేదు.

ఇంకో పని కూడా ఉంది, దాన్ని పని అని ఎవరూ అనరు. మా ఆయనకు ఎప్పుడూ చివరి మూడింటిలోనే ఒకటి వస్తుంది, ఏది వచ్చినా ముందురోజు వంటింటి గడప మీద కూర్చుని ఏం చెప్పాలో నన్ను అడుగుతాడు. నేను కూర తరుగుతూ, రొట్టె కొడుతూ తోచింది చెబుతాను. ఆయన తల ఊపుతాడు. మర్నాడు నేను అంబలి పోస్తుంటే అందరూ సారు మస్తు చెప్పిండని మెచ్చుకుంటూ గ్లాసు చాపుతారు. నాకు సంతోషంగానే ఉండేది, దాచడమెందుకు. నేను విత్తింది ఎక్కడో మొలిచిందనుకునేదాన్ని.

ఈసారి బుధవారం నాడే వచ్చి కూర్చున్నాడు. నేను బియ్యంలో రాళ్లేరుతున్నాను.

“ఐదో మాట నాకొచ్చింది. ‘దప్పిగొనుచున్నాను’ అన్న దూప మాట. జర కండ్లల్ల నీళ్లు తిరిగేటట్టు ఏమన్న చెప్పు,” అన్నాడు.

చెప్పాలని అనుకోలేదు. చేట పక్కన పెట్టి మొదలుపెట్టేశాను. తెలంగాణ వచ్చిన ఏడాది మా మొదటి బిడ్డ చనిపోయి పుట్టాడు. ఈయన పట్నంలో చర్చి కాన్ఫరెన్సులో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఓట్లున్నాయి, అవి కాగానే వస్తానన్నాడు. మా అత్తా మరిదీ బిడ్డను తువ్వాలలో చుట్టుకుని పాతిపెట్టడానికి పోయారు. నేను దవాఖాన మంచం మీద ఒక్కదాన్నే. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నీళ్ల సీసా కిటికీలో ఉంది. చెయ్యి చాపితే అందదు, లేద్దామంటే ఒళ్లు లేవదు. పక్క మంచాల వాళ్లు బాలింతలు, పసిబిడ్డలతో ఉన్నారు. చచ్చిన బిడ్డ తల్లి దగ్గరికి రావడానికి వాళ్లకు భయం. దీపాలు పెట్టేదాకా ఆ సీసాను చూస్తూ పడుకున్నాను. దాహమైన మనిషికి నీళ్లు కనిపిస్తూ ఉండడం కంటే పెద్ద సిలువ లేదు అని చెప్పాను.

ఇన్నేళ్లలో ఈయనతో ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆ తరువాత రూప పుట్టింది, ఇల్లు కట్టుకున్నాం, ఈయన లే లీడరయ్యాడు, ఎప్పుడూ ఆ రోజు ఊసు రాలేదు. చెప్పి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన గడప మీది నుంచి లేచాడు.

“గిది మంచిగుంటది,” అన్నాడు. అన్నం పెట్టమన్నాడు.

అయినా ఆశ చావలేదు. మా ఆయన ఇంట్లో తగ్గడు గానీ దేవుడి ముందు తగ్గుతాడేమో, ఆ రోజు తాను అక్కడ లేనని నలుగురిలో చెబుతాడేమో. ఇంట్లో దొరకని క్షమాపణ చర్చిలోనైనా దొరికితే చాలనుకున్నాను. దాన్ని పొయ్యి దగ్గర నుంచి వినదలుచుకోలేదు.

శుక్రవారం సిలువకు నల్లగుడ్డ కప్పారు. ఫ్యాన్లు వడగాలినే తిప్పుతున్నాయి. నాలుగో మాట అయింది. పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. మా సమాజంలో పెద్దామె సుక్కమ్మవ్వ నా భుజం తట్టింది.

“లెవ్వు బిడ్డా, పొయ్యి ముట్టియ్యాలె.”

“నువ్వు పో అవ్వా. నేను ఈ మాట ఇంటా.”

ఆమె నన్ను వింతగా చూసి వెళ్లిపోయింది. చంటిపిల్లతో వెనకే ఉండిపోయిన మెర్సీ జరిగి నా పక్కన కూర్చుంది. మా ఆయన మైకు దగ్గరికి వచ్చాడు. నేనుండనని అలవాటు గనుక ఆడవాళ్ల వైపు చూడలేదు.

బాగా చెబుతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. దవాఖాన చెప్పాడు. తువ్వాల చెప్పాడు. కిటికీలో సీసా చెప్పాడు. నా నాలుక అతుక్కుపోవడం కూడా చెప్పాడు. జనం ముక్కులు చీదుకున్నారు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకున్నాను.

“నా కొడుకు పోయిన దుఃఖం కడుపుల పెట్టుకొని, గా సీసా అందుకొని, నా చేత్తోని ఆమెకు నీళ్లు తాగించిన. అప్పుడు నాకు యేసయ్య దూప సమజైంది,” అన్నాడు.

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మెర్సీ నా చెయ్యి పట్టుకుని నొక్కింది, నువ్వు అదృష్టవంతురాలివక్కా అన్నట్టు. నాకు ఏడుపు రాలేదు. ఓట్లకు పోయి రానందుకు ఆయన్ని ఎప్పుడో ఒకప్పుడు క్షమించేదాన్నేమో. కానీ నాకు మిగిలింది ఆ దాహం ఒక్కటే. దాన్ని కూడా తీసుకుని, తీర్చింది తానేనని చెప్పుకున్నాడు. ఇన్నేళ్లు నేను గడప దగ్గర చెప్పినవన్నీ ఇక్కడ ఏమయ్యాయో, ఎవరి పేరు మీద ఏం మొలిచిందో, పొయ్యి ఊదుకుంటూ నాకేం తెలుసు?

లేచాను. షెడ్డుకు పోతున్నాననుకుని పక్కవాళ్లు మోకాళ్లు పక్కకు తిప్పి దారి ఇచ్చారు. నేను కదలలేదు. అప్పుడు చూశాడు ఆయన నన్ను. మైకులోనే, మెల్లగా, “కోమలా, కూసో,” అన్నాడు.

“మా సారు గా రోజు దవాఖానల లేడు,” అన్నాను. నా గొంతుకు మైకు అవసరం పడలేదు. “నాకు ఎవ్వరు నీళ్లియ్యలే. సీసా కిటికీలనే ఉండె.”

మెర్సీ ఒళ్లో చంటిపిల్ల ఏడుపు ఎత్తుకుంది. వెనక నుంచి పొయ్యి పొగ లోపలికి వస్తోంది. నేను కూర్చున్నాను. ఇంకా రెండు మాటలున్నాయి. అవి నేను ఎప్పుడూ వినలేదు.