మూడు కిలోమీటర్ల రాయి

"పప్పులో రాయి కనపడదు గానీ, ఆకాశంలో రాయి కనపడిందట," అన్నాడు భర్త, పంటికింద తగిలినదాన్ని తీసి కంచం అంచున పెడుతూ.

ఆ పప్పు ఏరింది ఆమే. పొద్దున్నే, ఒక కన్ను పాలగిన్నె మీద వేసి. తొమ్మిదింటికల్లా అబ్జర్వేటరీలో ఉండాలి మరి. అక్కడా ఆమెది ఏరే పనే. ముందురోజు రాత్రి తీసిన ఆకాశం ఫొటోలను ఒకదాని తర్వాత ఒకటి తెరమీద వేసి చూడాలి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. జరిగిన చుక్క కనిపిస్తే అది రాయి కావచ్చు. "చుక్కలేరడానికి పెద్ద చదువెందుకమ్మా, ఓపికుంటే చాలు" అని డైరెక్టరుగారు పదకొండేళ్లుగా అంటూనే ఉన్నారు. ఆ ఓపికకి ఒక్క ప్రమోషన్ ఇచ్చిన పాపాన పోలేదు.

ఏడేళ్ల కిందట అలా ఓ చుక్క జరిగింది. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే రాళ్ల గుంపులో, లోపలి అంచున, మహా అయితే మూడు కిలోమీటర్ల రాయి. కెమెరా మీది మచ్చ అని డైరెక్టరుగారు కొట్టిపారేశారు. ఆమె వదల్లేదు. "ఒక్క చూపుతో నమ్మకు, పళ్లెం తిప్పి మళ్లీ చూడు" అని పెళ్లయిన కొత్తలో అత్తగారు పప్పు ఏరడం నేర్పుతూ చెప్పింది. అదే చేసింది. సూర్యుణ్ణి చుట్టి రావడానికి ఆ రాయికి మూడున్నరేళ్లు. ఆమె లెక్కకట్టిన చోటికే రెండుసార్లూ వచ్చింది. నిన్న ఇలాంటి రాళ్లకి పేర్లు ఖాయం చేసే అంతర్జాతీయ సంఘం నుంచి ఉత్తరం అందింది: కనిపెట్టింది ఈవిడే, పేరు సూచించే హక్కూ ఈవిడదే. తన పేరు మాత్రం పెట్టుకోకూడదు.

ఇంకేం, పేర్లు వరస కట్టాయి. డైరెక్టరుగారు తన గురువు పేరు చీటీ మీద రాసి పంపారు. భర్తేమో తమ ఇంటిపేరు పెట్టమన్నాడు. "ఇన్నేళ్లూ నిన్ను ఉద్యోగం చెయ్యనిచ్చింది ఎవరు మరి?" అన్నాడు. 'చెయ్యనిచ్చింది' అన్న మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోయిన మీ మామగారి పేరు పెట్టవే," అంది అత్తగారు, రేపటి పప్పు పళ్లెంలో పోసుకుంటూ.

"మీ పేరేంటత్తయ్యా?"

"తెలీనట్టు అడుగుతావేం?"

"అది పెళ్లినాడు ఈ ఇంటివాళ్లు మార్చిపెట్టింది కదా. అంతకుముందుది."

అత్తగారి వేళ్లు ఆగిపోయాయి. ఆ పేరు చెప్పింది. బళ్లో హాజరు పిలిచినప్పుడు విన్నదే ఆఖరట. యాభై రెండేళ్లయింది.

సాయంత్రం, రాయి పేరు కోసం ఆమె నింపిన ఫారాన్ని భర్త చేతిలోకి తీసుకుని మొహం చిట్లించాడు. "ఎవరిదీ పేరు? మనవాళ్లలో ఎవరికీ లేదే."

ఆ జవాబు ఆమె చెప్పాల్సింది కాదు. ఏడేళ్లు ఎదురుచూసిన మనిషికి ఇంకో నిమిషం ఓ లెక్కా? హాయిగా గోడకి చేరబడింది.

అత్తగారు పళ్లెం పట్టుకుని లేచింది. కొడుకు చేతిలోంచి ఫారం తీసుకుని, అదే చేతిలో పళ్లెం పెట్టింది.

"నాది," అంది. "కూర్చుని ఈ పప్పు ఏరు. నా పేరు సరిగ్గా రాసిందో లేదో నేను చూసుకోవాలి."