ఓబులేసు మాత్రలు

ఓబులేసుకు కడుపు కదలదు. తమ్ముడు చిన్నప్పకు కడుపు ఆగదు. అన్న కంపచెట్ల చాటుకు పోతే గంటకు గానీ రాడు, తమ్ముడు కుదురుగా కూర్చుని నాలుగు ముద్దలు తినలేడు. ఇద్దరినీ అనంతపురంలో పెద్ద డాక్టరు చూశాడు. చూసి, ఇద్దరికీ ఒకటే పేరు చెప్పాడు, ఐబీఎస్ అని.

పేరు ఒకటైనా రకాలు వేరని ఆయన ఓపిగ్గానే చెప్పాడు. పేగు మందగించి బిగబట్టేది ఒక రకం, తొందరపడి తోసేసేది ఇంకో రకం, కొన్నాళ్లు అట్లా కొన్నాళ్లు ఇట్లా ఉండేది మరొకటి. ఎవరి మందు వాళ్లదే. ఓబులేసు అంతా విని, "ప్రాణానికేం భయం లేదు గదా సార్?" అన్నాడు. లేదన్నాడు డాక్టరు. అక్కడితో అన్నదమ్ములు వినడం మానేశారు. చంపని జబ్బుకు ఇంత ఉపన్యాసం ఎందుకనుకునే మనుషులు మావాళ్లు.

ఆ జూన్‌లో, రెండేళ్ల కరువు తర్వాత, మంచి పదును వాన పడింది. తేమ ఆరేలోపల శెనక్కాయలు విత్తాలి. రాయితీ విత్తనం మండలాఫీసు దగ్గర ఇస్తున్నారు. ఎవరి పేరున పట్టా ఉంటే వాళ్లే వరసలో నిలబడాలి. ఓబులేసు మొదటి రోజే తన విత్తనం తెచ్చుకున్నాడు. పొద్దుగూకేదాకా నిలబడినా ఆయనకు ఇబ్బంది లేదు, కదలని కడుపుతో ఉన్న సుఖం అదొక్కటే. చిన్నప్పకు మాత్రం వరస అనగానే కడుపులో తిప్పడం మొదలైంది. అతని మందులు ఎప్పుడో అయిపోయాయి.

చిన్నప్పను బిడ్డలా సాకిన వదిన వెంకటలక్ష్మమ్మ ఆ రాత్రి అన్నం పెట్టి, మొగుడి మాత్ర ఒకటి అతని చేతిలో పెట్టింది.

"మీయన్నదీ నీదీ ఒగటే జబ్బు గదప్పా. ఆయప్పకు దీంతోనే నిమ్మళంగా ఉండాది. ఏసుకో."

అది పేగును కదిలించే మాత్ర. చిన్నప్ప వేసుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి మాత్ర తన పని తాను మొదలుపెట్టింది. వరసలో తన చోట చెప్పులు విడిచి ఆఫీసు వెనక కంపల్లోకి పరిగెత్తాడు. వచ్చాడు, మళ్లీ పోయాడు. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే, అది మా దగ్గర మర్యాద. కానీ ఆ పూట కొత్తగా వచ్చిన పోలీసాయన చెప్పులన్నీ పక్కకు తన్నేశాడు. చిన్నప్ప తిరిగొచ్చేసరికి అతని వెనకవాళ్లు మూటలు మోసుకుపోతున్నారు.

"యాడికి పోయింటివప్పా?" అని అడిగారు.

"టీ తాగను పోయినా."

నిజం చెబితే ఎవరో ఒకరు చోటిచ్చేవాళ్లే. నలుగురిలో ఆ మాట అనడానికి అతనికి నోరు రాలేదు. సిగ్గుపడితే సేద్యం సాగుతుందా అని నాకు కోపం వస్తుంది గానీ, ఆ చోట నేనున్నా టీ అనే చెప్పేవాణ్ణి. సాయంత్రానికి ఆ రోజు విత్తనం అయిపోయిందన్నారు.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "రేపే ఆఖరంట. రేపు గూడ దొరక్కపోతే చేను బీడే. మాత్ర ఒగటి చాల్లేదు వదినా, ఈపొద్దు మరీ ఎక్కువైపాయ."

డబ్బాలో రెండే మిగిలాయి. అవి లేకపోతే ఓబులేసుకు నాలుగు రోజులు నరకం. అయినా ఆయనే లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్లూ ఆ రెండు మాత్రలూ తెచ్చాడు.

"రెండూ ఏసుకో చిన్నప్పా. నా కడుపు యెట్లన్నా పోనీ. నీ చేను బీడు పడకూడదు."

చిన్నప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండూ ఒక్కసారే మింగాడు.